తహసీల్దారు ముందు హక్కుదారు

కోనసీమ కూలిజనం నోట సర్కారు ఉద్యోగులకు ఎన్ని పేర్లున్నాయో లెక్కబెడితే పొద్దు చాలదు. కలెక్టరు దొరగారు, తాసీల్దారు గారు, ఎమ్మార్వో గారు, ఆరై గారు, వీఆర్వో బాబు, సచివాలయం మేడమ్ గారు, కాలువ లస్కరు, కోర్టు అమీనా, బిళ్ళ బంట్రోతు, తలారి. కరణం, మునసబుల పదవులు రద్దయి నలభై ఏళ్లు దాటింది. అయినా ముసలివాళ్ల నోట ఆ పేర్లు ఇంకా వినపడుతూనే వున్నాయి.

మాటలే కదా, వీటిలో ఏముంది అనుకోవచ్చు. కాని అర్జీ చేతబట్టుకుని ఆఫీసు గడప ఎక్కే కూలివాడి నడుం వంగేది ముందు మాటలోనే. ఆ గడప దగ్గర ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో ఒక్క గంట నిలబడి వినండి. ఆ ఆఫీసు ఎవరిదో తెలిసిపోతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇళ్లస్థలాల కోసం, పింఛన్ల కోసం, కౌలు కార్డుల కోసం తిరిగే మన జనానికి ఈ మాటల సంగతి తెలియడం అవసరం.

వసూలు చేసేవాడు

ముందు పెద్ద పేర్లు చూద్దాం. తహసీలు అరబ్బీ మాట. వసూలు అని అర్థం. దారు పారసీ మాట. చేతబట్టినవాడు, కలిగినవాడు అని అర్థం. అంటే తహసీల్దారు వసూళ్లు చేతబట్టినవాడు. ఇక కలెక్టరు ఇంగ్లీషు మాట. దానికీ వసూలు చేసేవాడనే అర్థం. 1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్ జిల్లాల్లో శిస్తు రాబట్టడానికి ఈ కలెక్టర్లను పెట్టాడు. నవాబుల కాలం మాట ఒకటి, కుంఫిణీ కాలం మాట ఒకటి. రెండు భాషల్లోనూ పని ఒకటే. రైతు గాదె మీద చెయ్యి వేసే పని.

కాబట్టి ఈ పదవులు ప్రజలకు సేవ చెయ్యడానికి పుట్టినవి కావు. శిస్తు పిండడానికి పుట్టినవి. శిస్తు కట్టనివాణ్ణి శిక్షించడానికి అదే చేతికి మేజిస్ట్రేటు అధికారం కూడా తగిలించారు. ఆ చేతిని చూసి భయపడ్డ జనం దొరా అన్నారు. 1947లో తెల్లదొర పోయాడు. కుర్చీ మిగిలింది, కుర్చీతోపాటు పేరూ మిగిలింది. రెవెన్యూ లెక్కల్లో మొగలాయీల నాటి ఫసలీ సంవత్సరం కూడా మిగిలింది. 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 వరకు 1435 ఫసలీ.

మిగతా మాటలు కూడా ఇలాంటివే. మునసబు అరబ్బీ మున్సిఫ్ నుంచి వచ్చింది. న్యాయం చేసేవాడని అర్థం. 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామపెద్దలను గ్రామ మునసబులుగా చేసి చిన్న చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చింది. ఆ న్యాయం మాలపల్లెకూ మాదిగపేటకూ ఎంత దక్కిందో మన తాతల్ని అడగాలి. అమీనా అంటే అసలు అర్థం నమ్మకస్తుడు. మన వూళ్లలో మాత్రం అప్పు తీర్చలేని ఇంటి ముందు జప్తు కాగితం పట్టుకు నిలబడే మనిషి. మామూలు అంటే ఆచారంగా జరిగేది అని అర్థం. అది లంచానికి పేరైపోయింది. లంచం పుచ్చుకోవడం ఎంత ఆచారమైతే ఆ మాటకు ఈ అర్థం వచ్చివుంటుంది! లంచం అడిగితే తప్పనిపిస్తుంది. మామూలు అడిగితే ఇవ్వనివాడిదే తప్పనిపిస్తుంది. మాట చేసే పని ఇది.

కాటన్ దొర, మట్టి మోసినవారు

దొర అన్న ప్రతి మాటా భయంతో పుట్టిందేనా అని మన జిల్లాలో ఎవరైనా అడగవచ్చు. కాటన్ దొర వున్నాడు కదా. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్‌ను గోదావరి జిల్లాల జనం ఇప్పటికీ దొర అనే అంటారు. అది భయంతో అన్న మాట కాదు, కృతజ్ఞతతో అన్న మాట. ఆ నీరు లేకపోతే మన లంకల మధ్య ఈ వరిచేలు లేవు.

దాన్ని మనం కాదనం. అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ ఆనకట్టకు రాయి కొట్టినవారు, మట్టి మోసినవారు, కాలువలు తవ్వినవారు వేలమంది కూలీలు. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. గీసినవాడు దొర అయ్యాడు, మోసినవాడు లెక్కలో లేకుండా పోయాడు. కుంఫిణీ కూడా దానధర్మంగా నీళ్లివ్వలేదు. శిస్తు పెరుగుతుందని లెక్క కట్టుకునే ఇచ్చింది.

అదే కాలువ మీద ఇంకో ఉద్యోగి వున్నాడు, లస్కరు. లష్కర్ అంటే సైన్యం. ఆ మాట ఓడల మీద పనివాళ్లకు అంటుకుని, అక్కడినుంచి మన కాలువల మీద షట్టర్లు ఎత్తి దించే పనివాడికి వచ్చింది. గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు వైపు పోయే నీరు చివరి చేనుకు చేరాలంటే పైన ఇంజనీరు ఎంత అవసరమో, కింద అర్ధరాత్రి గట్టు మీద టార్చిలైటు పట్టుకు తిరిగే లస్కరూ అంతే అవసరం. ఇంజనీరును గారు అంటాం. లస్కరును ఒరే లస్కరూ అంటాం. పేరులో సైన్యం వున్నా పిలుపులో గౌరవం లేదు.

కలంపోటు

కత్తిపోటు తప్పినా కలంపోటు తప్పదని మన పెద్దల సామెత. ఈ సామెతకు అసలు ఆసామి కరణం. భూమి ఎవరి పేర వుందో, ఎవరి సాగులో వుందో, ఏ బంజరు ఎవరికి దఖలు పడిందో అతని చిట్టాలోనే వుండేది. కరణం, మునసబు వంశపారంపర్యం. తండ్రి పోతే కొడుకు. 1895లో మద్రాసు ప్రభుత్వం చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దీనికి ముద్ర వేసింది. చదువుకున్న కూలివాడి కొడుకు ఎంత తెలివైనవాడైనా ఆ కలం ముట్టుకునే వీలు లేదు.

రాజ్యాంగం వచ్చాక కూడా ఆ చట్టం కొంతకాలం నడిచింది. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి గురించి నడిచిన గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫలానావారి కొడుకు కాబట్టి ఉద్యోగం అనడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. అయినా పదవులు మాత్రం చాలావరకు ఆ ఇళ్లలోనే వుండిపోయాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆంధ్రలో కరణం మునసబులను, తెలంగాణాలో పటేల్ పట్వారీలను ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆ 1985లోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారు పేరు పోయి మండల రెవెన్యూ అధికారి వచ్చాడు. జనం నోట ఎమ్మార్వో అయ్యాడు. కొన్నేళ్లకు ప్రభుత్వం మళ్లీ తహసీల్దారు అనే పాత పేరే పెట్టింది. మన జనం నోట ఎమ్మార్వో పోలేదు. రెండూ ఒక మనిషే.

కరణం పోయిన చోటికి పేరు మార్చుకుంటూ వీఏవో వచ్చాడు, పంచాయతీ కార్యదర్శి వచ్చాడు, వీఆర్వో వచ్చాడు. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. తెలంగాణాలో 2020లో వీఆర్వో పదవినే రద్దు చేశారు. పేరు మారినప్పుడల్లా ఇక మీదట వూళ్లో పరిపాలన మారిపోతుందని చెప్పారు. కొంత మారింది, లేదనకూడదు. కూలి ఇంటి పిల్లలు పరీక్ష రాసి సచివాలయ ఉద్యోగులయ్యారు. ఇది చిన్న మార్పు కాదు. కాని భూమి చిట్టా ఎవరికి అనుకూలంగా రాయాలి అనే సంగతి దగ్గరకు వచ్చేసరికి, వూళ్లో పదెకరాల మోతుబరి ఇంటి అరుగు మీద కూర్చునే రాయడం చాలాచోట్ల ఇంకా పోలేదు.

వెట్టి పేరు మారింది

పై పేర్లు ఇలా మారుతుంటే కింది పేర్ల సంగతేమిటి? గ్రామోద్యోగుల్లో ఒకడి పదవి పేరే వెట్టి. కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరీకి ఏ పేరో, ఆ చాకిరీ చేసే మనిషికీ అదే పేరు. సర్కారు రికార్డులో అలాగే రాసుకున్నారు. వెట్టివాడు, తలారి, నీరుగంటి. కలెక్టరు క్యాంపు వచ్చిందంటే కోళ్లు, పాలు, వంటచెరకు, బండ్లు సమకూర్చే భారం వూరి మీద పడేది. పరుగెత్తే కాళ్లు మాత్రం ఇతనివి. వీళ్లలో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాలవాళ్లే. దండోరా వేసేది, శవాన్ని కాపలా కాసేది, అర్ధరాత్రి కబురు మోసేది వీళ్లే.

మన జిల్లాకు పైనున్న మన్యంలో ఈ వెట్టి ఏ స్థాయికి పోయిందో చరిత్ర చెబుతుంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత రోడ్డు పని చేయించి సరిగా కూలి ఇవ్వకపోవడం 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు రాజుకోవడానికి కారణాల్లో ఒకటి.

తర్వాత వెట్టివాడు గ్రామ సేవకుడయ్యాడు. ఆపైన గ్రామ రెవెన్యూ సహాయకుడు, వీఆర్‌ఏ అయ్యాడు. పేరు బాగుంది. జీతం మాత్రం గౌరవ వేతనం. ఈ గౌరవం అనే మాటను కూలిజనం బాగా పరిశీలించాలి. ఎక్కడ జీతం ఎగ్గొట్టాలో అక్కడ సర్కారుకు గౌరవం గుర్తుకొస్తుంది. అంగన్‌వాడీ టీచరుకు గౌరవ వేతనం, ఆయాకు గౌరవ వేతనం. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ వాలంటీర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. వాలంటీరు అంటే స్వచ్ఛందంగా పనిచేసేవాడు కాబట్టి ఉద్యోగి కాదన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పని ఆగిపోయింది. ఉద్యోగి కాదు కనక అడగడానికి నోరు లేకుండా పోయింది.

2023 డిసెంబరు 12న రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది ఆ సమ్మె. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. చూడండి మాటల గారడీ! జీతం అడిగితే మీరు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం పుచ్చుకునే సేవకులు. సమ్మె చేస్తే మాత్రం మీది అత్యవసర సర్వీసు. రెండు నాలుకల మాట అంటే ఇదే. ఆ తల్లులు మాటలకు లొంగలేదు. జీతం పెంపు హామీ రాబట్టుకునే పనిలోకి వెళ్లారు.

అందుచేత ఆఫీసు గడప దగ్గర మన కోపం ఎవరి మీద చూపాలో తెలుసుకోవాలి. పైవాణ్ణి దొరా అని, బంట్రోతును ఒరే అనడం కూలివాడికి తగిన పని కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని విసుక్కుంటాం. నిజమే, కొందరు పూజారులున్నారు. కాని వీఆర్‌ఏ, లస్కరు, ఆయా, స్వీపరు మన ఇళ్లలోంచి వెళ్లినవాళ్లు. మనలాగే నెలాఖరుకు అప్పు చేసేవాళ్లు.

ఆయ్, చిత్తం

గోదావరి జిల్లాల మాటకు మర్యాద ఎక్కువని రాష్ట్రమంతా అంటారు. మాట మాటకూ అండి, పిలిస్తే ఆయ్. మంచిదే. అయితే ఈ అండి ఎటు నుంచి ఎటు పోతోందో చూడాలి. ఒక మండలాఫీసు వరండాలో రోజూ జరిగే మాటలు ఇవి.

“ఏంటే, మళ్లీ వొచ్చావ్?”

“ఆయ్, పింఛను సంగతండి అయ్యగారు. ఆరు నెల్లయ్యిందండి. తమరు దయుంచాలండి.”

“రేపు రా, చూద్దాం.”

“చిత్తమండి.”

అడిగిన మనిషికి డెబ్బయ్యేళ్లు. జవాబు చెప్పిన కుర్రాడికి ముప్ఫై లేవు. అండి అంతా ఒకవైపే ప్రవహించింది. అదే గదిలోకి తెల్లచొక్కా మోతుబరి వస్తే కుర్చీ జరుగుతుంది, రండి అన్న మాట వస్తుంది. ఇది ఆ కుర్రాడి ఒక్కడి పొగరు కాదు. కులం, భూమి కలిసి నేర్పిన భాష ఇది. ఆ కుర్చీలో దళిత ఉద్యోగి కూర్చుంటే ఇదే మోతుబరి నోట గారు అనే మాట ఎంత కష్టం మీద వస్తుందో మనకు తెలియదా? ఆడకూలీల సంగతి మరీ ఘోరం. చేలో ఏమే, ఒసే. ఆఫీసులోనూ ఏమే.

అర్జీల భాషా ఇంతే. మహారాజరాజశ్రీ తహసీల్దారు గారి దివ్య సముఖమునకు, తమ విధేయుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము, చిత్తగించవలెను. జమీందార్లు పోయారు, మహారాజులు పోయారు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులనే రద్దు చేసింది. 2012లో రాష్ట్రపతి భవనం కూడా దేశంలోపల రాష్ట్రపతికి హిజ్ ఎక్సలెన్సీ అనే పిలుపు వాడనక్కర్లేదని చెప్పింది. రాష్ట్రపతికి అక్కర్లేని వైభవం మండలాఫీసుకు ఎందుకు? గారు చాలు. అది మన భాషలో మనిషికి ఇచ్చే మర్యాద. ఇస్తాం. అదే మర్యాద తిరిగి పుచ్చుకుంటాం.

లబ్ధిదారు కాదు, హక్కుదారు

దారు అంటే చేతబట్టినవాడని పైన చెప్పుకున్నాం. మన కూలిజనానికి కూడా ఈ దారు తగిలించి సర్కారు ఒక పేరు పెట్టింది. లబ్ధిదారు. లబ్ధి అంటే దొరికింది. ఎవరో ఇస్తే దొరికినవాడు. ఇంటిస్థలం లబ్ధిదారు, పింఛను లబ్ధిదారు, బియ్యం లబ్ధిదారు. ఇచ్చే చెయ్యి మంత్రిది, ఫొటో మంత్రిది, పుచ్చుకునే చెయ్యి మనది. పన్ను కట్టే చెయ్యి కూడా మనదేననే సంగతి ఆ మాటలో మాయమైపోతుంది. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా కూలివాడు పన్ను కడుతూనే వున్నాడు.

దీనికి ఎదురుగా నిలిచే మాట హక్కుదారు. చట్టం ఏ మాట వాడితే ఎలా వుంటుందో రెండు ఉదాహరణలు చూడండి. 2005 గ్రామీణ ఉపాధి హామీ చట్టం పని ఇవ్వండని వేడుకోమని చెప్పలేదు. పని అడిగే హక్కుందని చెప్పింది. అర్జీకి తేదీ వేసిన రశీదు ఇవ్వాలంది. పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలంది. కూలివాడు సర్కారును అడిగే స్థితిలో నిలబెట్టిన మాట అది. అందుకే పాలకులకు అది మింగుడుపడలేదు. 2025 డిసెంబరులో కేంద్రం దాని స్థానంలో వేరే పేరుతో వేరే చట్టం తెచ్చింది.

రెండోది కౌలుదారు. మన డెల్టాలో నాగలి పట్టేవాళ్లలో అధికభాగం కౌలుదార్లే. 2011లో రుణ అర్హత కార్డు చట్టం వచ్చింది. 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పేరులో హక్కు వుంది. లోపల చూస్తే భూయజమాని సంతకం పెట్టాలన్న షరతు వుంది. యజమాని పెన్ను తియ్యకపోతే హక్కు పుట్టదు. హక్కు అనే పేరుపెట్టి దయ అనే పదార్థం పోశారు.

సిస్టం తీసుకోవడంలేదు

కరణం చిట్టా ఇప్పుడు కంప్యూటరులోకి పోయింది. మీసేవ, వెబ్‌ల్యాండు, ఆన్‌లైన్ అడంగల్, వేలిముద్ర. వీటితోపాటు కొత్త మాటలొచ్చాయి. సర్వరు లేదు. ఆన్‌లైన్‌లో చూపించడంలేదు. సిస్టం తీసుకోవడంలేదు. పైనుంచి ఆర్డరు రాలేదు. పాతరోజుల్లో కరణం కాదంటే కరణం ఇంటి ముందు బైఠాయించాం. ఇప్పుడు కాదన్నది ఎవరు? సిస్టం. సిస్టం ఇల్లెక్కడ? కష్టం చేసి రేఖలు అరిగిపోయిన వేలు మిషను మీద పడకపోతే ఆ తప్పు వేలిదట!

ఈ మాటల ముందు నోరు మూతపడకూడదు. సిస్టం కాదన్నదంటే ఆ ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మని అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువనున్నవారు ఏమీ కట్టనక్కర్లేదు. సోమవారం అర్జీల కార్యక్రమానికి కూడా ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, 2019లో స్పందన అన్నారు, 2024 తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. పేరు ఏదైనా మనక్కావలసింది రశీదు నంబరు.

బోర్డు మీది పేరు

మాటల్లో ఏముంది అనేవారికి 2022 మే 24 గుర్తుచెయ్యాలి. ఆ ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామనగానే అమలాపురం వీధుల్లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఒక్క పేరు కోసం. పేరుకు అంత బలం వుందని మనకంటే ముందు వాళ్లకే తెలుసు. అయినా పేరు నిలిచింది. ఈనాడు కలెక్టరాఫీసు బోర్డు మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వుంది. వంశపారంపర్య పదవులను కొట్టేసిన 16వ అధికరణం, బిరుదులను కొట్టేసిన 18వ అధికరణం వున్న రాజ్యాంగానికి ముసాయిదా కమిటీ అధ్యక్షుడు ఆయనే. ఆ బోర్డు కిందనుంచి లోపలికి వెళ్లి దొరా, తమ దయ అంటే ఆ బోర్డుకు అర్థమేముంది?

1860 నాటి శిక్షాస్మృతి కూడా సర్కారు ఉద్యోగిని పబ్లిక్ సర్వెంటు అనే అంది. సేవకుడు అతను. తెల్లవాడు కాగితం మీద రాసి ఆచరణలో పెట్టని మాటను ఆచరణలో పెట్టించడం మన పని.

కాబట్టి ప్రతి గ్రామ శాఖా ఈ పనులు చేపట్టాలి. అర్జీలు సంఘమే రాసిపెట్టాలి. మహారాజశ్రీలు, దివ్య సముఖాలు తీసెయ్యాలి. దయచేసి అన్నచోట ఫలానా చట్టం ప్రకారం అని రాయాలి. ఆఫీసుకు ఒంటరిగా పంపకూడదు, ఐదారుగురు కలిసి వెళ్లాలి. అధికారిని పదవి పేరుతో గారు చేర్చి పిలవాలి. మన ముసలమ్మను ఏమే అంటే, “మీరు అనండి బాబూ” అని అక్కడే, నెమ్మదిగా, అందరూ వినేటట్టు చెప్పాలి. దళితుల్ని పదిమందిలో కులం పేరుతో తిట్టినా, అవమానించినా 1989 అట్రాసిటీ నిరోధక చట్టం కింద నేరమని తెలిసివుండాలి. రశీదు లేకుండా గడప దిగకూడదు. లస్కరును, వీఆర్‌ఏను, ఆయాను గారు అని పిలవడం మనతోనే మొదలుకావాలి.

పిలుపు మారినంత మాత్రాన భూమి రాదు, కూలి పెరగదు. అది మనకు తెలుసు. దానికి పోరాటం కావాలి. కాని చేతులు కట్టుకున్న మనిషి పోరాడలేడు. తహసీల్దారు వసూలు హక్కు పట్టుకున్నవాడైతే, ఎదురుగా నిలబడ్డ కూలి మనిషి బతుకు హక్కు పట్టుకున్నవాడు. ఈ సోమవారం అర్జీ పట్టుకు వెళ్లేవాళ్లు అందులో తమ పేరు కింద విధేయుడు అని రాయకండి. హక్కుదారు అని రాయండి.